జోలె పట్టిన డాక్టరమ్మ

చిత్తూరు, కడప, నెల్లూరు వైపు ఇళ్ళల్లో ఎవరికైనా జబ్బు ముదిరి, ఊళ్ళో డాక్టర్లు పెదవి విరిస్తే పెద్దవాళ్ళ నోట్లోంచి వచ్చే మాట ఒకటుంది. ఇక ఆలస్యం చేయొద్దు, వేలూరు తీసుకెళ్ళండి అని. రాయవేలూరు అని పిలిచే పాతకాలం వాళ్ళూ ఉన్నారు. ఆ పేరు వినగానే ఊరు కాదు, ఆస్పత్రి గుర్తొస్తుంది. క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి అంటే దేశమంతా తెలుసు. కానీ ఆ ఆస్పత్రి ఒక స్త్రీ నలభై ఏళ్ళకు పైగా ఊరూరా తిరిగి, గడపగడపా ఎక్కి, నోరు తెరిచి అడిగి తెచ్చిన డబ్బుతో లేచిందని ఎంతమందికి తెలుసు? ఆమె డాక్టర్ ఐడా స్కడర్. రోగం నయం చేయడం డాక్టర్ల పని. అందుకు కావలసిన డబ్బు పుట్టించడం మాత్రం వేరే విద్య. ఐడా ఆ రెండూ నేర్చింది.

వద్దనుకున్న జీవితం

ఐడా 1870 డిసెంబరు 9న వేలూరుకి దగ్గర్లోని రాణిపేటలో పుట్టింది. తాత జాన్ స్కడర్ 1819లో అమెరికా నుంచి సిలోను వచ్చి, తర్వాత మద్రాసు చేరిన మిషనరీ డాక్టరు. తండ్రి పేరు కూడా జాన్ స్కడరే, ఆయనా మిషనరీ డాక్టరే. ఇంట్లో బాబాయిలు, పెదనాన్నలు అందరిదీ అదే దారి. ఐడాకి ఆరేడేళ్ళ వయసులో దక్షిణ దేశాన్ని ధాతు కరువు పట్టి పీడించింది. ఎముకల గూళ్ళలా వచ్చిన పిల్లలకి ఆ చిన్నపిల్ల రొట్టెముక్కలు పంచింది. ఆ దృశ్యాలు ఆమెని వెంటాడాయి. ఎంతగా అంటే, పెద్దయ్యాక ఈ దేశానికి రానే రాకూడదనుకునేంతగా.

అమెరికాలో చదువుకుంది. అందంగా ఉండేది, చలాకీగా ఉండేది, టెన్నిస్ బాగా ఆడేది. మంచి సంబంధం చూసుకుని పెళ్ళి చేసుకుని, హాయిగా అక్కడే కాపురం చేసుకోవాలని ఆమె కోరిక. అందులో తప్పేముంది? ఆ వయసు ఆడపిల్లలు ఎవరైనా అలాగే అనుకుంటారు. 1890లో తల్లికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే, చూసుకోవడానికి తిండివనం వచ్చింది. అమ్మ కోలుకోగానే వెళ్ళిపోవాలనే వచ్చింది.

మూడు తలుపు చప్పుళ్ళు

వేలూరు ఆస్పత్రి గురించి విన్నవాళ్ళకి ఆ రాత్రి కథ తెలిసే ఉంటుంది. తిండివనంలో ఐడా లాంతరు వెలుగులో కూర్చుని ఉండగా ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చాడు. భార్య పురిటి నొప్పులు పడుతోంది, కాన్పు కష్టమవుతోంది, రమ్మని బతిమాలాడు. తనకి వైద్యం రాదు, నాన్నగారు డాక్టరు, ఆయన వస్తారంది ఐడా. పరాయి మగవాడు తన భార్యని తాకకూడదని అతను వెనుదిరిగాడు. కాసేపటికి ఒక ముస్లిం వచ్చాడు. అదే కష్టం, అదే జవాబు. ఆ తర్వాత మరొక హిందూ గృహస్థు. ఆయనా అంతే. తెల్లవారేసరికి ఊళ్ళోంచి చావు డప్పు వినిపించింది. ముగ్గురు ఆడవాళ్ళూ పోయారు. ముగ్గురూ పసిప్రాయం దాటని పిల్లలే.

వాళ్ళని చంపింది రోగం ఒక్కటే కాదు. ఆ ఊళ్ళో డాక్టరు ఉన్నాడు, మందులున్నాయి. లేనిదల్లా ఆడ డాక్టరు. ఐడా మర్నాడు తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి, అమెరికా వెళ్ళి డాక్టరు చదువుతానని చెప్పేసింది. 1895లో ఫిలడెల్ఫియాలోని ఆడవాళ్ళ వైద్య కళాశాలలో చేరింది. కార్నెల్ వైద్య కళాశాల ఆడపిల్లలకి తలుపులు తెరవగానే అక్కడికి మారి 1899లో పట్టా పుచ్చుకుంది.

మొదటిసారి చెయ్యి చాచినప్పుడు

పట్టా వచ్చింది సరే, పని చేయడానికి చోటేది? వేలూరులో ఆడవాళ్ళకో ఆస్పత్రి కావాలి. అందుకు 8,000 డాలర్లు పోగుచేసుకోమని మిషను వాళ్ళు ఆమెకి చెప్పారు. ఆ రోజుల లెక్కలో డాలరంటే మూడు రూపాయల పైమాటే. అంటే పాతికవేల రూపాయలు! ఓడ ఎక్కడానికి ఉన్న గడువు కొద్ది రోజులే.

ఇంతవరకూ ఎవరినీ పైసా అడిగి ఎరగని అమ్మాయి న్యూయార్కులో గడపలెక్కి దిగడం మొదలుపెట్టింది. అడగడంలో ఉన్న ఇబ్బంది మనకి తెలియనిది కాదు. బడికి చందా, గుడికి చందా అని పక్కింటి తలుపు తట్టాలన్నా గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఎంతమంది ముఖం చాటేస్తారో, ఎంతమంది పది ప్రశ్నలేసి పావలా చేతిలో పెడతారో! ఐడాకీ అదే అనుభవం. చిన్న చిన్న మొత్తాలు వచ్చాయి, వాగ్దానాలు వచ్చాయి, కొండంత అవసరం అలాగే మిగిలింది.

అలా తిరుగుతూ మిషను మహిళా సంఘానికి చెందిన ఒక పెద్దావిడ ఇంటికి వెళ్ళింది. తిండివనం రాత్రి సంగతి చెప్పింది. ఆ ఇంట్లోనే ఉండే ఆమె మరిది రాబర్ట్ షెల్ అనే బ్యాంకరు పక్క గదిలోంచి ఆ మాటలు విన్నాడట. మర్నాడు ఐడాని పిలిపించాడు. ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. చివరికి చెక్కు రాసిచ్చాడు. ఎనిమిది వేలకి కాదు, పది వేలకి. పోయిన తన భార్య మేరీ టేబర్ షెల్ పేరు ఆస్పత్రికి పెట్టమన్నాడు.

ఐడా ఆ రోజు ఒక సంగతి గ్రహించి ఉండాలి. ఆస్పత్రికి ఎన్ని ఇటుకలు కావాలో చెప్తే ఎవరూ కరగరు. ఒక గడపలో ఒక తల్లి ఎందుకు చనిపోయిందో చెప్తే వింటారు. తర్వాత నలభై ఏళ్ళూ ఆమె అంకెలు పట్టుకుని కాదు, మనుషుల కథలు పట్టుకునే తిరిగింది.

గది నుంచి ఆస్పత్రికి

1900 జనవరిలో స్నేహితురాలు ఆనీ హాన్‌కాక్‌తో కలిసి వేలూరు చేరింది. తండ్రి దగ్గర పని నేర్చుకోవచ్చని ధైర్యంగా ఉంటే, ఆ మే నెలలోనే ఆయన పోయారు. డిగ్రీ చేతిలో ఉన్నా కొత్త డాక్టరమ్మని జనం నమ్మలేదు. బంగళాలో ఒక చిన్న గదిలో వైద్యం మొదలుపెట్టింది. సహాయానికి నర్సు లేదు. వంటవాడి భార్య సాలోమీకే కట్లు కట్టడం, మందులు కలపడం నేర్పి నర్సుని చేసుకుంది. ఒకరికి నయమైతే ఆ వార్త పది ఇళ్ళకి పాకింది. రెండేళ్ళలో అయిదు వేల మంది దాకా రోగుల్ని చూసింది. షెల్ ఇచ్చిన డబ్బుతో 40 పడకల ఆస్పత్రి 1902లో తెరుచుకుంది.

ఇంక అక్కడితో ఆగేది కాదు. వేలూరు దాకా రాలేని పల్లెల సంగతేమిటి? ఐడా తనే బయల్దేరింది. మొదట ఎద్దుబండి, 1909 నాటికి ఒక చిన్న ప్యూజో కారు. గుడియాత్తం రోడ్డు మీద వారం వారం చెట్ల కింద ఆగి మందులిచ్చేది. ఎడ్లు లేకుండా పరుగెత్తే బండిని చూసి జనం మొదట దయ్యమనుకుని పారిపోయారట. తర్వాత అదే బండి కోసం పొద్దున్నే వచ్చి రోడ్డు పక్కన బారులు తీరేవాళ్ళు. ప్రజారోగ్యం అని మనం ఇప్పుడు పెద్ద మాట వాడుతున్నాం గానీ, రోగి కోసం ఆస్పత్రే నడిచి వెళ్ళడం ఆ చింతచెట్ల కిందే జరిగింది. 1909లోనే నర్సులకు శిక్షణ బడి కూడా పెట్టింది.

ఇలాంటి డాక్టరమ్మలు అప్పుడు మరికొందరు లేకపోలేదు. మన గుంటూరులో డాక్టర్ ఆనా కూగ్లర్ ఆడవాళ్ళ ఆస్పత్రిని 1898లోనే తెరిచింది. కానీ సముద్రాలు దాటి వచ్చే నలుగురైదుగురితో ఇంత దేశానికి ఏం సరిపోతుంది? ఇక్కడి ఆడపిల్లలే డాక్టర్లు కావాలి. ఐడా పెట్టుకున్న రెండో లెక్క అదీ. మొదటి లెక్క కన్నా ఎన్నో రెట్లు పెద్దది.

ఆరుగురు వస్తే చాలన్నారు

మద్రాసు రాజధానిలో వైద్యశాఖ పెద్ద కల్నల్ బ్రైసన్ దగ్గరికి వెళ్ళి ఆడవాళ్ళకి మెడికల్ స్కూలు పెడతానంటే ఆయన నవ్వుకున్నాడు. ఆరు అర్జీలొస్తే పెట్టుకోండి అన్నాడు. 151 వచ్చాయి! అందరికీ చోటు లేదు, డబ్బూ లేదు. ఎంచుకున్న కొద్దిమందితో 1918 ఆగస్టు 12న బడి మొదలైంది. మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండ్ దాన్ని ప్రారంభించారు. ఎముకల పాఠం చెప్పడానికి ఉన్న సామాను అంతంతమాత్రం. ఐడాయే సగం పాఠాలు చెప్పుకునేది.

మొదటి ఏడాది పరీక్షలకి వెళ్ళేముందు ఈ అమ్మాయిలు తప్పినా బాధపడొద్దని బ్రైసన్ ముందే సముదాయించాడు. మగపిల్లల స్కూళ్ళలోనే అయిదుగురిలో ఒకరు గట్టెక్కారు మరి. ఫలితాలొచ్చాక చూస్తే వేలూరు నుంచి వెళ్ళిన పద్నాలుగు మందీ పాసయ్యారు. ఒక్కరూ తప్పలేదు. ఆ తర్వాత వేలూరు బడి అవసరమా అని అడిగే నోరు లేకపోయింది.

డాలరు డాలరు కూడబెట్టి

ఐడాకి అమెరికాలో ఒక అండ దొరికింది. ఆమె పేరు లూసీ పీబడీ. చర్చి మహిళా సంఘాల్ని ఒక్క తాటి మీద నడిపించగల సమర్థురాలు. 1913లో వేలూరు వచ్చి ఐడా పని చూసినప్పటి నుంచి ఆమెకి ఐడా అంటే ప్రాణం. 1920 తర్వాత ఈమే ఒక పెద్ద ఉద్యమం నడిపింది. ఆసియాలో ఆడపిల్లల కోసం నడుస్తున్న ఏడు క్రైస్తవ కళాశాలలకి కలిపి నిధి పోగుచేయాలి. అందులో వేలూరు ఒకటి. రాక్‌ఫెల్లర్ కుటుంబం నిధి పది లక్షల డాలర్లు ఇస్తామంది, కానీ ఒక మెలిక పెట్టింది. ముందు మీరు ఇరవై లక్షలు తెచ్చి చూపించాలి, అదీ 1922 ముగిసేలోగా!

ఇరవై లక్షలు ఏ ఒక్క కోటీశ్వరుడూ ఇవ్వలేదు. అమెరికా ఊళ్ళలో మామూలు గృహిణులు, టీచర్లు, పనిచేసుకునే అమ్మాయిలు తలా ఒక డాలరు, రెండు డాలర్లు వేశారు. ఐడా సెలవు మీద వెళ్ళినప్పుడల్లా ఊరూరా మాట్లాడింది. పొద్దున ఒక చర్చిలో, మధ్యాహ్నం ఒక మహిళా సంఘంలో, రాత్రి రైల్లో. గడువులోగా లెక్క పూర్తయింది. ఆ డబ్బుల్లో వేలూరు వంతుతో ఊరి మధ్య రెండు వందల పైచిలుకు పడకల కొత్త ఆస్పత్రి 1923, 24 నాటికి లేచింది. ఊరి బయట బాగాయంలో 200 ఎకరాల్లో కళాశాలకు కొత్త ఆవరణ కట్టి 1932లో అక్కడికి మారారు.

డబ్బిచ్చి ఊరుకోకుండా తానే వచ్చేసిన మనిషి కూడా ఒకావిడ ఉంది. న్యూయార్కులో కలిగినింటి ఆడపడుచు గెర్‌ట్రూడ్ డాడ్. ఐడాకి తోడుగా వేలూరులో ఉండిపోయింది. లెక్కలు చూసేది, ఫీజు కట్టలేని అమ్మాయిల చదువుకి సొంత డబ్బు పెట్టేది. చందా తెచ్చేవాళ్ళు ఎంత ముఖ్యమో, వచ్చిన ప్రతి పైసాకీ లెక్క రాసేవాళ్ళు అంతే ముఖ్యం. మహిళా మండలి నడిపిన వాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు!

ఒక మాట చెప్పుకోవాలి. ఈ డబ్బు ఎక్కువగా చర్చిల నుంచి వచ్చింది. మిషను ఉద్దేశాల్లో మతప్రచారమూ ఉంది, ఐడా దాన్ని దాచుకోలేదు. కానీ ఆమె గది ముందు వరసలో ముందు పిలుపు రోగం ముదిరినవాళ్ళకే తప్ప మతం చూసి కాదు. ఆ మూడు తలుపు చప్పుళ్ళూ ఏ మతం వాళ్ళవో ఆమెకి తెలుసు కదా.

చేసిందంతా పోతుందా?

1938లో పిడుగులాంటి వార్త వచ్చింది. మద్రాసు ప్రభుత్వం ఎల్.ఎం.పి. కోర్సు ఎత్తివేస్తోంది. ఇక మీదట డాక్టరు కావాలంటే యూనివర్సిటీ వారి ఎం.బి.బి.ఎస్. ఉండాల్సిందే. అది దేశానికి మంచి నిర్ణయమే. కానీ వేలూరు ఇచ్చేది ఎల్.ఎం.పి. మాత్రమే. డిగ్రీ కాలేజీగా మారాలంటే మరెన్నో పడకలు, ప్రయోగశాలలు, పెద్ద చదువులు చదివిన ప్రొఫెసర్లు కావాలి. లేకపోతే మూసుకోవాలి. కావలసింది పది లక్షల డాలర్లు. చూస్తే ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది.

1941లో ఐడా మళ్ళీ ఓడ ఎక్కింది. అప్పటికి ఆమెకి డెబ్బై ఏళ్ళు. మనవల్ని ఆడించుకునే వయసులో మళ్ళీ అదే రైలు ప్రయాణాలు, అవే వేదికలు, అదే కథ. కానీ ఈసారి ఎదురైన చిక్కు బయటివాళ్ళతో కాదు, సొంతవాళ్ళతో.

మగ డాక్టర్ల కోసం వేరే క్రైస్తవ వైద్య కళాశాల పెట్టాలని మిషన్లకి ఎప్పటి నుంచో ఆలోచన ఉంది. రెండు కాలేజీలకి డబ్బు లేదు. వేలూరునే మగపిల్లలకి కూడా తెరిస్తే అందరూ కలిసి సాయం చేస్తామన్నారు. లూసీ పీబడీ ససేమిరా ఒప్పుకోలేదు. ఆమె వాదన కొట్టిపారేసేది కాదు. ఆడవాళ్ళు పైసా పైసా కూడబెట్టి ఇచ్చింది ఆడపిల్లల కోసం. మగపిల్లలొస్తే సీట్లు వాళ్ళు పట్టుకుపోతారు, పెత్తనమూ వాళ్ళదే అవుతుంది. ఇచ్చినవాళ్ళ నమ్మకాన్ని వమ్ము చేయొచ్చా? నిధులు సేకరించే ఎవరికైనా ఇంతకన్నా కష్టమైన ప్రశ్న ఉండదు.

ఐడా నలిగిపోయింది. ఒక పక్క ముప్పై ఏళ్ళ స్నేహం, ఆ స్నేహం తెచ్చిపెట్టిన ఆస్పత్రి. ఇంకో పక్క మూతపడబోతున్న కాలేజీ. మాట నిలబెట్టుకుని బడి మూసేస్తే ఆడపిల్లలకి మిగిలేది ఆ మాట ఒక్కటే. తలుపులు తెరిస్తే కనీసం చదువు మిగులుతుంది. చివరికి ఆమె తెరవడానికే ఒప్పుకుంది. లూసీ పీబడీ, ఆమెతోపాటు ఇంకొందరు పాత మిత్రులు దూరమయ్యారు. ఇన్నేళ్ళూ తనకి డబ్బు తెచ్చిపెట్టిన చేతుల్నే వదులుకుని కొత్త చేతుల్ని అందుకోవాల్సి వచ్చింది. యుద్ధమంతా ఆమె అమెరికాలోనే ఉండిపోయి అడుగుతూనే ఉంది.

1942లో ఆడపిల్లలతో ఎం.బి.బి.ఎస్. తరగతి మొదలైంది. 1947లో మగ విద్యార్థులు అడుగుపెట్టారు. 1950లో విశ్వవిద్యాలయం శాశ్వత గుర్తింపు ఇచ్చింది. వేలూరు నిలిచింది.

మన విశాఖ ఆడపడుచు చేతికి

ఐడా 1946లో పదవి వదిలింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఆ కళాశాల బాధ్యతలు తీసుకున్నది ఎవరో తెలుసా? మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్. వేలూరుకి తొలి భారతీయ డైరెక్టరు ఆమే. మగపిల్లలొస్తే పెత్తనం వాళ్ళదవుతుందని భయపడిన చోట, స్వతంత్ర దేశంలో పగ్గాలు మొదట ఒక తెలుగింటి ఆడబిడ్డ చేతికే వచ్చాయి. లూసీ పీబడీ భయం అర్థం లేనిదని కాదు. భయం ఉన్నచోట అప్రమత్తంగా ఉండేవాళ్ళు కూడా ఉండాలని దాని అర్థం.

ఆ తర్వాత వేలూరు ఎన్నో కొత్తదారులు తొక్కింది. 1946లో నర్సింగులో డిగ్రీ చదువు పెట్టింది. 1948లో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులకి ఆపరేషన్ చేసి మళ్ళీ పనికొచ్చేలా చేశారు. ఐడా ఇవన్నీ కళ్ళారా చూసింది. పెళ్ళి చేసుకోలేదు. కొడైకెనాల్లో ఇల్లు కట్టుకుని గులాబీలు పెంచుకుంటూ, వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ గడిపింది. వయసు మీద పడ్డాక కూడా టెన్నిస్ రాకెట్ వదల్లేదు. డాక్టర్ ఐడా, ఇండియా అని మాత్రమే రాసి పోస్టు చేసిన ఉత్తరం నేరుగా ఆమెకి చేరిందని చెప్పుకుంటారు. 1960 మే నెలలో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో కన్నుమూసింది.

అడగడం చిన్నతనమా?

మనకి ఇవ్వడమంటే గొప్ప, అడగడమంటే నామోషీ. సొంతానికి అడిగితే అది యాచన కావచ్చు. పదిమంది కోసం అడిగితే? ఐడా జీవితం చూస్తే అదొక వృత్తి, అదీ ఓపిక, నిజాయితీ కావలసిన వృత్తి అని తెలుస్తుంది. ఎందుకు అడుగుతున్నామో స్పష్టంగా తెలియాలి. పెద్ద చెక్కుని ఎంత గౌరవించామో ఒక్క డాలరు వేసిన చేతినీ అంతే గౌరవించాలి. వచ్చిన డబ్బుకి లెక్క చూపించాలి. ఇచ్చేవాళ్ళు మెలిక పెడితే, ఏది ఒప్పుకోవచ్చో, దేనికి ఎంత మూల్యం చెల్లించాల్సొస్తుందో కళ్ళు తెరిచి చూసుకోవాలి. కాదన్న గడప దిగి, ఇంకో గడప ఎక్కాలి.

ఆ రాత్రి ఆ ముగ్గురు ఇల్లాళ్ళ పేర్లేమిటో ఏ పుస్తకంలోనూ కనిపించవు. వాళ్ళకి గుర్తుగా రాతి ఫలకమూ లేదు. కానీ ఈసారి మీ ఇంట్లో ఎవరినైనా రైలెక్కించి వేలూరు తీసుకెళ్ళాల్సొస్తే, అక్కడి వార్డులో తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి నాడి పట్టుకుంటే, ఆ ముగ్గుర్నీ ఒక్కసారి తలుచుకోండి. వాళ్ళ కోసం జోలె పట్టిన డాక్టరమ్మని కూడా.